తేలుకుంచి కొంగకు సైబీరియాతో ఏం పని?

ఏటా జూన్‌లో ఒకసారి, అక్టోబరులో మరోసారి శ్రీకాకుళం జిల్లా పేజీల్లో ఒకే వార్త వస్తుంది. ఫొటో మారుతుంది, శీర్షిక మారుతుంది, ‘సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు’ అన్న ముక్క మాత్రం మారదు. జూన్ వార్త ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిది. అక్టోబరు వార్త టెక్కలి మండలం తేలినీలాపురానిది. ఊళ్లు నిజం, పక్షులు నిజం. సైబీరియా ఒక్కటే అబద్ధం.

తేలుకుంచికి వచ్చేది ఓపెన్ బిల్ స్టార్క్, అంటే నత్తగుల్ల కొంగ. తేలినీలాపురంలో గూళ్లు కట్టేవాటిలో ముఖ్యమైనవి గూడబాతు (పెలికాన్), తోక దగ్గర గులాబీ రంగు ఈకలుండే పెయింటెడ్ స్టార్క్. మొదటిదీ మూడోదీ భారత ఉపఖండంలోనూ ఆగ్నేయాసియాలోనూ బతికే కొంగలు. మచ్చల ముక్కున్న ఈ గూడబాతు గుడ్లు పెట్టే దేశాలు ప్రధానంగా భారత్, శ్రీలంక, కంబోడియా. ఈ మూడు పక్షుల్లో ఒక్కటీ సైబీరియా మంచు ఎరగదు.

ఇది తేల్చడానికి పక్షిశాస్త్రం చదవనక్కర్లేదు. సైబీరియా పక్షి అక్కడి కురచ వేసవిలో గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, చలి ముదిరాక తిండి కోసం మన వైపు వస్తుంది. సూదితోక బాతు లాంటివి అలా ఉత్తరం నుంచి వచ్చేవే. మన చెరువుల్లో తిని, బలిసి, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి. గూడు మాత్రం ఇక్కడ కట్టవు. కాబట్టి చెట్టు మీద పుల్లల గూడు, అందులో నోరు తెరిచిన పిల్ల కనిపించాయంటే ఆ తల్లి సైబీరియాది కాదు.

మరి ఈ మాట ఎక్కడ పుట్టింది? నా అనుమానమంతా మన ‘కొంగ’ అనే మాట మీదే. తెల్లకొంగ, నారాయణపక్షి, స్టార్క్, క్రేన్ (సారస జాతి పక్షి), అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ఒకప్పుడు సైబీరియన్ క్రేన్లు వచ్చేవి. చివరి జంట కనిపించింది 2002లో. ఆ పేరు దేశమంతా పాకి, తెల్లగా పొడుగు కాళ్లతో కనిపించే ప్రతి పక్షికీ అంటుకుంది. నిజానికి ఆ క్రేన్ చెట్టెక్కదు. దాని వెనక వేలు చిన్నది, పైకి ఉంటుంది, కొమ్మను పట్టుకోలేదు. తేలుకుంచి చింతకొమ్మ మీద అది నిలబడే ప్రశ్నే లేదు.

అలాగని మన కొంగలు కదలవని కాదు. భరత్‌పూర్‌లో కాలికి రింగు వేసిన ఓపెన్ బిల్ పిల్ల ఒకటి సుమారు 800 కిలోమీటర్ల తూర్పున దొరికింది. థాయ్‌లాండ్‌లో రింగు వేసినవి 1,500 కిలోమీటర్లు దాటి బంగ్లాదేశ్‌లో దొరికాయి. దూరాలు పెద్దవే. కానీ అది వాన వెంట, నీటి వెంట, తిండి వెంట తిరిగే తిరుగుడు.

ఆ తిండి దగ్గరే అసలు వింత ఉంది. కొంగలొస్తే వాన వస్తుందని తేలుకుంచిలో నమ్మకం. నమ్మకం అబద్ధం కాదు, వరుస తిరగబడిందంతే. మన వరిచేలల్లో, గుంటల్లో ఉండే పెద్ద నత్తకు మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. నీరెండితే బురదలోకి దిగి, గుల్ల నోటికి మూత బిగించుకుని నెలల తరబడి కదలకుండా పడుంటుంది. తొలకరి పడి మడి తడిస్తే లేచి పైకొస్తుంది. నత్త లేచే వేళకే కొంగ గూడు కడుతుంది. రెండు నుంచి నాలుగు గుడ్లు, దాదాపు 25 రోజుల పొదుగుడు. పిల్లలు ఆకలితో అరిచే వేళకు ఉడుపులు పూర్తయి, నిలిచిన నీళ్లలో నత్తలు నిండుగా ఉంటాయి.

ఇక ఆ ముక్కు. ఎదిగిన నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది. అడకత్తెరలో వక్క పెట్టినట్టు ఆ సందులో నత్తను పెట్టి పగలగొడుతుందని చాలాకాలం అనుకున్నారు. చూడ్డానికి అలాగే అనిపిస్తుంది కూడా. దగ్గరగా గమనించినవాళ్లకు కనిపించింది వేరు. కొంగ తినేసి వదిలిన గుల్లలు చాలావరకు పగలవు. పై ముక్కుతో నత్తను నేలకు అదిమి పడుతుంది. కింది ముక్కు చివర సన్నగా, చాలా పక్షుల్లో కుడివైపు కొద్దిగా ఒంగి ఉంటుంది. దాన్ని మూత పక్క నుంచి లోపలికి దూర్చి, నత్త ఒంటిని గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని తెంపుతుంది. తర్వాత ఒక్క విదిలింపుతో మాంసం బయటికొస్తుంది. ఈ పని చాలాసార్లు నీళ్లలోనే, కంటికి కనపడకుండానే జరిగిపోతుంది. సందు దేనికన్న దానికి తేలిన జవాబు లేదు: ముక్కు కొసలు గుల్ల మీద మరింత బలంగా పడటానికి అది పనికొస్తుందని ఒక ఊహ, ముక్కు అంచున ఉండే గరుకు భాగం మాత్రం జారిపోయే గుల్లను పట్టుకోవడానికని అంటారు.

తేలినీలాపురం లెక్క దీనికి తలకిందులు. అక్కడి పక్షులకు కావాల్సింది చేప. వానల్లో చెరువు నిండితే చేప విడిపోయి ఎక్కడెక్కడికో పోతుంది. వానలు ఆగి నీరు తగ్గేకొద్దీ గుంపుగా దొరుకుతుంది. అందుకే అక్టోబరులో మొదలై మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది వాటి కాపురం. పెయింటెడ్ స్టార్క్ చేపను చూసి పట్టదు. సగం తెరిచిన ముక్కు నీళ్లలో ముంచి అటూ ఇటూ ఊపుతుంది, కాలితో బురద కదుపుతుంది, ముక్కుకు ఏదైనా తగిలిన మరుక్షణం మూసేస్తుంది. దానికి జానెడు, మూరెడు లోతు నీళ్లు చాలు. చెరువు పూడిక తీసే పేరుతో అంచులు కూడా నిటారుగా లోతు తవ్వేస్తే నీళ్లు కనిపిస్తాయి గానీ ఈ పక్షికి కాలు పెట్టే చోటుండదు. గూడబాతు మెడ కింది సంచి చేపలు దాచుకునే గోనె అని చిన్నప్పటి నుంచీ వింటాం. అది వల మాత్రమే. నీళ్లతో సహా చేపను తోడి, నీళ్లు వడకట్టి, అక్కడికక్కడే మింగేస్తుంది. పిల్లలకు తెచ్చేది కడుపులోనే. పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి తింటుంది.

ఫిబ్రవరి, మార్చి ఎండల్లో వెళ్లినవాళ్లు స్టార్కుల కాళ్లు తెల్లగా సున్నం పూసినట్టుండటం చూసి జబ్బేమో అనుకుంటారు. అది రెట్ట. పల్చటి రెట్టను కావాలనే కాళ్ల మీద వేసుకుంటాయి, తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది.

సైబీరియా అన్నంత మాత్రాన పక్షికి ఏం నష్టం అని అడగొచ్చు. నష్టం ఉంది. అతిథి అనుకుంటే నాలుగు నెలలు చెట్టు కింద కాపలా కాసి, బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటాం. ఇవి పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలు. ఆ పుట్టిల్లు చెట్టు ఒక్కటే కాదు. చుట్టూ పదుల కిలోమీటర్ల మేర ఉన్న చెరువులు, నీరు నిలిచే పల్లపు నేలలైన బీలలు, తంపర భూములు అన్నీ కలిస్తేనే. సోంపేట బీల, కాకరాపల్లి తంపర పేర్లు 2010, 2011లో థర్మల్ విద్యుత్ కేంద్రాల మీద జరిగిన పోరాటాలతో, పోలీసు కాల్పులతో రాష్ట్రమంతా తెలిశాయి. బయటివాళ్ల కంటికి పనికిరాని బురద నేల. గూటిలో పిల్ల ఉన్న గూడబాతుకు అది వంటిల్లు. వరిలో మొగి పురుగుకని చల్లే గుళికల మందుదీ ఇదే కథ. వాటిలో కార్బోఫ్యూరాన్ లాంటివి పక్షులకు తీవ్రమైన విషం. చెట్టు కింద కాపలావాడు దాన్ని ఆపలేడు.

చెట్టు సంగతీ ఉంది. ఏళ్ల తరబడి రెట్ట పడితే ఆకు మాడుతుంది, కొమ్మ ఎండుతుంది. చింత తట్టుకుంటుంది గానీ ఎప్పటికీ కాదు. పైగా చింత గుబురెక్కడానికి ఏళ్లు పడుతుంది కనుక పాతది పడ్డాక నాటితే ఆలస్యమే. నీళ్లు నిలిచే చోట నల్లతుమ్మ త్వరగా ఎదుగుతుంది. ఇక తుపాను: ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. తేలుకుంచిలో ఆలస్యంగా పుట్టిన పిల్లలు ఇంకా గూటిలో ఉండే వారం, తేలినీలాపురంలో కొత్త గూళ్లు మొదలయ్యే వారం కచ్చితంగా అదే. చెట్లు ఒకేచోట కాకుండా నాలుగైదు చోట్ల ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

గాలికి పిల్ల కింద పడితే చేయాల్సిన పని కొంచెమే. తల మీద గుడ్డ కప్పితే నెమ్మదిస్తుంది. ఎత్తేటప్పుడు ముక్కు మన ముఖానికి దూరంగా ఉంచాలి, స్టార్క్ కంటినే పొడుస్తుంది. గొంతులో నీళ్లు పోయకూడదు. నాలుక వెనకే గాలిగొట్టం నోరుంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు, పొడుస్తుందని ముక్కుకు తాడు కట్టడం. గూడబాతుకు బయటి ముక్కురంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, అది నోటితోనే ఊపిరి పీలుస్తుంది. బిగించి కడితే ఊపిరాడక ప్రాణం పోవచ్చు. గాలి ఆడే అట్టపెట్టెలో నీడన పెట్టి అటవీ సిబ్బందికి అప్పగించాలి. ఇంట్లో పెంచుకోవడం నేరం.

నవంబరులో తేలుకుంచి వెళ్తే బైనాక్యులర్‌తో ముక్కులు చూడండి. సందు ఉన్నది పెద్ద పక్షి. సందు లేకుండా ముక్కు నిటారుగా మూసుకున్నది ఈ ఏటి పిల్ల. పుట్టుకతో ఆ సందు రాదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. అలాంటిది కనిపిస్తే దాని పుట్టిన ఊరు ఎవరినీ అడగక్కర్లేదు: తేలుకుంచి, ఇచ్ఛాపురం మండలం, శ్రీకాకుళం జిల్లా.