సవరణ: పోలండ్ విషయంలో నేను తొందరపడ్డాను

నియంతృత్వ పోకడల నుంచి దేశాలు ఎలా బయటపడతాయో మొన్న రాస్తూ, 2023 ఎన్నికల్లో పోలండ్ అధికార పక్షం ‘లా అండ్ జస్టిస్’ రెండో స్థానానికి పడిపోయిందనీ, దాంతో అక్కడి ప్రజాస్వామ్యం కోలుకుందనీ అన్నాను. రెండూ తప్పే.

ఆ పార్టీ 194 సీట్లతో మొదటి స్థానంలోనే నిలిచింది. 460 మంది ఉండే సభలో మెజారిటీకి 231 కావాలి, అది దాటలేకపోయింది. విడివిడిగా పోటీచేసిన మూడు ప్రతిపక్ష కూటములు కలిస్తే 248 అయ్యాయి. డొనాల్డ్ టస్క్ డిసెంబరులో ప్రధాని అయ్యారు.

రెండో తప్పు ఇంకా పెద్దది. ప్రభుత్వం మారింది గానీ, 2015 నుంచి పాత పాలకులు తమవాళ్లతో నింపిన రాజ్యాంగ ట్రిబ్యునల్ (చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే కోర్టు) అలాగే ఉండిపోయింది. దాన్ని సరిచేయాలంటే చట్టం కావాలి, చట్టానికి అధ్యక్షుడి సంతకం కావాలి. అప్పటి అధ్యక్షుడేమో పాత పక్షం మనిషి. వీటోను తోసిపుచ్చడానికి సభ్యులందరూ హాజరైతే 276 ఓట్లు అవసరం. ఎన్నికల్లో గెలిచినవి 248! పోనీ, చట్టం లేకుండా కానిచ్చేద్దామంటే పాతవాళ్లు చేసిన పనే తామూ చేసినట్టవుతుంది. అసలు చిక్కుముడి ఇదే, నేను దాన్ని ఒక్క వాక్యంలో దాటేశాను.

2025 అధ్యక్ష ఎన్నికల్లోనూ పాత పక్షం బలపరిచిన కరోల్ నవ్రోత్స్కీయే గెలిచారు. కాబట్టి ‘కోలుకుంది’ అన్నచోట ‘కోలుకునే ప్రయత్నంలో ఉంది’ అని చదువుకోండి.