సవరణ: పరీక్ష ఇంధనానికి రాన్ ఒక్కటే సరిపోలితే చాలదు

ఇంజిన్ పరీక్షల్లో పెట్రోల్‌కు బదులు వాడే మిశ్రమాల మీద ఇంతకుముందు ఒక పోస్టు పెట్టాను. ఐసో-ఆక్టేన్, ఎన్-హెప్టేన్ కలిపి పెట్రోల్‌కున్న రీసెర్చ్ ఆక్టేన్ నంబర్ (రాన్, అంటే నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) తెస్తే నాకింగ్‌లో (మంట చేరేలోపే ఇంధనం దానంతటదే అంటుకుని ఇంజిన్ టకటక కొట్టుకోవడం) రెండూ ఒకేలా ఉంటాయని అందులో రాశాను. అది తప్పు. ఆక్టేన్ కొలిచే ప్రామాణిక పద్ధతులు, నాకింగ్‌పై అచ్చయిన పరిశోధనలు చూశాక సరిదిద్దుతున్నాను.

రాన్ కొలిచేటప్పుడు ఇంజిన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంది, లోపలికి వెళ్లే గాలి సుమారు 52 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. రెండో కొలత అయిన మోటార్ ఆక్టేన్ నంబర్ (మాన్) పద్ధతిలో 900 చుట్లు, పైగా గాలి-ఇంధన మిశ్రమాన్నే 149 డిగ్రీలకు వేడి చేస్తారు. ఈ స్కేలును నిర్వచించిందే ఆ రెండు ద్రవాలతో: ఐసో-ఆక్టేన్ 100, హెప్టేన్ 0. అందుకే వాటిని ఏ పాళ్లలో కలిపినా రాన్, మాన్ ఒకటే వస్తాయి. అసలు పెట్రోల్ అలా కాదు. రాన్ 95 ఉన్నదానికి మాన్ 85 దగ్గర ఉండటం మామూలే. ఈ తేడాను సెన్సిటివిటీ అంటారు. పెట్రోల్‌లో ఉండే అరోమాటిక్స్, ఓలిఫిన్లు అనే హైడ్రోకార్బన్ల వల్ల, ఇథనాల్ వల్ల వస్తుంది.

గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో ఇంజిన్లలో ఇది బాగా బయటపడుతుంది. ఒత్తిడి ఎక్కువైనా, ఆ ఒత్తిడికి తగ్గట్టు ఉష్ణోగ్రత పెరగదు. అక్కడ అదే రాన్ ఉన్న రెండు ద్రవాల మిశ్రమం కంటే పెట్రోలే నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది. అందుకే మూడో ద్రవంగా, అరోమాటిక్ అయిన టోలుయీన్ కలుపుతారు, ఇథనాల్ ఉన్న పెట్రోల్‌కైతే ఇథనాల్ కూడా.

ఆ పోస్టు చూసి మిశ్రమం ఎంచుకున్నవాళ్లు రాన్‌తో పాటు మాన్ కూడా సరిపోల్చుకోండి.