మహారాజశ్రీ తత్తకారం గారికి

మహారాజశ్రీ తత్తకారం గారి దివ్య సముఖమునకు, పాటలు రాయడమే తప్ప పాడటం చేతకాని ఒక గీత రచయిత నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

సినీ పరిశ్రమలో తమరిని డమ్మీ అని కూడా అంటారు. సంగీత దర్శకులు బాణీ కట్టగానే, మాటలింకా పుట్టకముందే, ‘తనన తానన’ అనో ‘లేలే లాలలా ఓ పిల్లా’ అనో నోటికొచ్చింది పాడి ఫోనుకు పంపుతారు చూడండి, ఆ తాత్కాలిక ఏర్పాటే తమరు. తాత్కాలికమని మేం అనుకుంటాం. తమరు ఎన్నడూ అలా అనుకున్నట్టు లేదు.

నా వంతు వచ్చేసరికి తమరు అందరి మనసుల్లోనూ కాపురం పెట్టేసి ఉంటారు. దర్శకుడు కారులో వెళుతూ వస్తూ తమరినే వింటాడు. నిర్మాత మనవడు తమరికి గంతులేస్తాడు. నృత్య దర్శకుడు ‘లేలే’కి నడుము, ‘లాలలా’కి భుజం అని లెక్క కట్టేసుకుంటాడు. అంతా అయ్యాక నన్ను పిలిచి, “గురువుగారూ, తెలుగుదనం ఉట్టిపడాలి. పూర్తి స్వేచ్ఛ మీదే. ఆ లేలే మాత్రం కదపకండి” అంటారు.

పాట తేల్చడానికి అందరూ కలిసి కూర్చునే సిట్టింగులో నా అవస్థ తమరు స్వయంగా చూసినదే. కాగితం తీసి పల్లవి చదువుతాను. “చదవడం కాదు సార్, పాడి వినిపించండి” అంటారు. పాడటమే వస్తే ఆ గదికి వచ్చి ఎందుకు కూర్చుంటాను? బల్ల మీద తాళం వేస్తూ, ‘ఇక్కడ దీర్ఘం వస్తుంది, ఇక్కడ కాస్త ఆగాలి, ఇది కిందికి దిగుతుంది’ అని వ్యాఖ్యాన సహితంగా వినిపిస్తాను. విరహగీతం కాస్తా కరెంటు బిల్లు చదివినట్టు తయారవుతుంది. అందరూ ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. అప్పుడు సహాయకుడు తమరిని మరోసారి మోగిస్తాడు. ముఖాలు విప్పారుతాయి. “డమ్మీలో ఉన్న ఫీల్ రాలేదు సార్!” ఎలా వస్తుంది? తమరి వెనుక డోలు, బేసు గిటారు ఉన్నాయి. నా వెనుక ఏసీ హోరు ఉంది.

ఛందస్సు మాకూ తెలుసు. ఉత్పలమాలకు పదో అక్షరం దగ్గర యతి అని బడిలో బెత్తం సాక్షిగా నేర్చుకున్నవాళ్లమే. తమరి యతి, అంటే పాట ఆగే చోటు, మాత్రం బాణీ పాడుతున్న రోజున సంగీత దర్శకుడు టీ గుటక వేసిన చోట పడుతుంది. అక్కడ ఆగకూడదని ఆయనతో చెప్పి చూశాను. “అదే అందం సార్” అన్నారు. నేను ‘నిను విడిచిపోనురా’ అని రాశాను. గుటక ‘పో’ తరువాత పడింది. గాయకుడు శాస్త్రోక్తంగా ‘నిను విడిచిపో’ అని ఆగి, ఊపిరి పీల్చుకుని, ‘నురా’ అన్నాడు. నాయకుడి ప్రతిజ్ఞ నాయికను వెళ్లగొట్టడంగా మారింది. మాట మార్చింది నేనే. తమరిని మార్చే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు.

ఇక తమరి చివరి దీర్ఘాలు. పైషడ్జమం ఎక్కి తమరు హాయిగా ‘ఆ’ అని నోరు తెరిచేస్తారు. మన మాటలేమో చాలావరకు ఉకారంతోనో ఇకారంతోనో ముగుస్తాయి. అంత పైస్థాయిలో ‘నువ్వు’ అని నిలబడమంటే గాయకుడి పెదవులు సున్నా చుట్టుకుని గొంతు బిగుసుకుంటుంది. అందుకే మా నాయకులు ప్రియురాలిని ‘రా’ అని పిలుస్తారు, లేదా ‘నా’ అని సొంతం చేసుకుంటారు. చూసినవాళ్లు దాన్ని పురుషాహంకారం అంటున్నారు. అది తమరి ఆకారం!

(డబ్బింగు పాటల్లోని మీ పెద్దలతో, అంటే మూలభాషలోని పాటలతో, నాకు పేచీ లేదు. వారికి అర్థమంటూ ఒకటి ఉంటుంది. అక్కడి కష్టం పెదవులతో. తెర మీద తమిళ నటుడి పెదవులు కలిసిన చోట మనకూ ప, బ, మ వంటి అక్షరమే పడాలి. ఆ సంకెళ్లతోనే రచయిత రాజశ్రీ గారు ‘రోజా’ సినిమా పాటలను తెలుగులోనే పుట్టినట్టు వినిపించారు.)

అన్నమయ్యకూ త్యాగయ్యకూ తమరితో ఇంత పేచీ ఉండేది కాదు. కట్టేదీ పాడేదీ ఒకే నోరు కాబట్టి మధ్యవర్తి అక్కర్లేకపోయింది. జానపద కవి గోరటి వెంకన్న గారి వంటివారు నేటికీ అలాగే సాగుతున్నారు. సినిమా వచ్చి పని పంచిపెట్టింది: బాణీ ఒకరిది, మాట ఒకరిది, గొంతు ఒకరిది, పెదవుల కదలిక ఇంకొకరిది. ఇందులో మాట ఎవరిదన్నదే జనానికి చివరగా గుర్తొస్తుంది. రేడియోలో అయితే పాటకు ముందు ‘గీత రచన’ అని ఒక పేరు వినబడేది. ఇప్పుడు పాటల యాప్‌లో గాయకుల పేర్లు పైన మెరుస్తాయి. నా పేరు కావాలంటే మూలనున్న మూడు చుక్కలు నొక్కి, కిందికి జరుపుకుంటూ వెళ్లాలి. అంత దూరం వెళ్లేది మా ఆవిడ ఒక్కతే.

2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు మాత్రం కాస్త ఛాతీ విరుచుకున్నాను. ఆ బహుమతి పాట కట్టినవారికీ రాసినవారికీ ఇచ్చేది. కాలభైరవ, రాహుల్ సిప్లిగంజ్ వేదిక మీద పాడి హోరెత్తించారు. బొమ్మ అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. అక్కడ కూడా కీరవాణి గారు తమ కృతజ్ఞతలను రాగం తీసి పాడారు. పక్కనున్న రచయిత ‘నమస్తే’ అన్నారు. ఆ ఒక్క మాటకు బాణీ లేదు, గమనించారా? నాకు అదే ఎక్కువ నచ్చింది.

తమరంటే నిర్మాతలకు అంత ప్రేమ ఎందుకో ఈ మధ్యే బోధపడింది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సినిమా హాలు సంగతి పక్కన పెడితే, మిగతా చోట్ల పాట మోగినందుకు వచ్చే రాయల్టీలో రచయిత వాటా హక్కుగా రచయితదే. వారసులకో కాపీరైటు సంఘానికో తప్ప దాన్ని ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. తమరికి వారసులు లేరు, సంఘం లేదు, బ్యాంకు ఖాతా లేదు. ‘లేలే’ ఎన్ని రేడియోల్లో మోగినా ‘నా వాటా ఏది’ అని అడగరు. ఇంతటి ఆదర్శ రచయిత ఎదుట ఉండగా, కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒప్పంద పత్రంలో ఏడో పేజీ చదివే నన్ను ఎవరు ఇష్టపడతారు?

నా కోరికలు పెద్దవేమీ కావు. పల్లవిలో తమరి ‘హే’లు నాలుగున్నాయి, అందులో రెండు నాకు ఇప్పించండి. క్రియాపదం ఒకటి పెట్టుకోవాలి. చరణంలో ఊపిరి తీసుకునే చోటు నాతో ఒక మాట చెప్పి నిర్ణయించండి. నా పల్లవిని సిట్టింగుకు ముందే ట్రాకు గాయకుడి (అసలు గాయకుడికి ముందు నమూనాగా పాడేవాడి) చేత ఒక్కసారి పాడించమని మీ సంగీత దర్శకుడికి చెప్పండి. ఆ తరువాత బాగాలేదన్నా మాట పడతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక గీత రచయిత

తా.క. క్రితం పాటకు నాకు రావలసిన సగం పారితోషికం ఇంకా అందలేదు. నేను ఫోను చేస్తే నిర్మాత గారు ఎత్తడం లేదు. అవతల నుంచి నాకు వినబడే కాలర్ ట్యూన్ ఆ పాటే. తమరి మాటైతే ఆయన వింటారు, కాస్త చెప్పి చూడండి.