చలికాలంలో బండి: నడిస్తేనే వేడెక్కేది

డిసెంబరు వచ్చిందంటే మిన్నెసోటా, మిషిగన్, చికాగో వైపు మనవాళ్ల ఇళ్ల ముందు పొద్దున్నే ఒకటే దృశ్యం. డ్రైవ్‌వేలో బండి తెల్లటి ఆవిరి కక్కుతూ ఉంటుంది, యజమాని వంటింట్లో కాఫీ తాగుతూ ఉంటాడు. పదిహేను నిమిషాలు అలా వదిలేస్తే ఇంజన్‌కి మంచిదని నమ్మకం. మంచి మాట అటుంచి, చెడే ఎక్కువ.

ఇది కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే పాత పరికరం) కాలం నాటి అలవాటు. అంబాసిడర్‌కి చోక్ లాగి, బజాజ్ చేతక్‌ని పక్కకి వంచి కిక్ కొట్టిన తరానికి వేరే దారి లేదు. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు, తొందరపడితే బండి వీధి చివరే ఆగిపోయేది. అమెరికాలో కొత్త కార్లలోంచి కార్బురేటర్ 1990ల మొదట్లోనే పోయింది. ఇప్పుడు కూలెంట్ (ఇంజన్ చుట్టూ తిరిగే చల్లబరిచే ద్రవం) ఎంత చల్లగా ఉందో సెన్సర్ చెబితే, ఎంత పెట్రోలు కొట్టాలో కంప్యూటరే చూసుకుంటుంది.

చిక్కంతా ఆ పెట్రోలుతోనే. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ మామూలు కంటే ఎక్కువే పడుతుంది. కాలకుండా మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ, పిస్టన్ రింగుల సందులోంచి జారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. నిలబడ్డ ఇంజన్‌కి లాగే బరువు లేదు కాబట్టి వేడెక్కడం నత్తనడక, అంతసేపూ ఈ కడుగుడు తప్పదు. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే కొట్టే పద్ధతి) ఉన్న చిన్న టర్బో ఇంజన్లలో ఈ బెడద ఇంకాస్త ఎక్కువ. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ తగ్గకపోగా పెరిగి, పెట్రోలు వాసన వేస్తోందంటే ఇదే సంగతి. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి జిగట కనబడితే మాత్రం అది నీటి తడి. కూలెంట్ కూడా తగ్గుతుంటే మెకానిక్‌కి చూపించాలి, లేకపోతే బండిని వారానికోసారి అరగంట హైవే మీద తిప్పితే చాలు.

పెట్రోలు దండగ అనే వాదన నాకంత బలంగా అనిపించదు. నిలబెట్టిన బండిలో ఇంజన్ గంటసేపు ఊరికే తిరిగితే పావు నుంచి అర గాలన్ పోతుంది, పది నిమిషాలకి ఎంతని?

స్టార్ట్ చేశాక ముప్పై సెకన్లు ఆగండి. ఆయిల్ లైటు ఆరి, మొదట్లో ఎగిరిన ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) కాస్త దిగగానే కదలొచ్చు. మొదటి పది నిమిషాలు 2500 ఆర్‌పీఎం దాటనివ్వకండి. ఫ్రీవే ర్యాంపు ఇంటి పక్కనే ఉంటే కాస్త చుట్టు తిరిగినా సరే, ముందు లోపలి రోడ్ల మీద పోండి. వేడి చూపే గేజి మధ్యకి వచ్చిందని మోసపోవద్దు, అది చూపేది కూలెంట్‌ని. ఆయిల్ ఇంకా వెనకే ఉంటుంది. నిలబెట్టి ఉంచితే గేరుబాక్సు అంతగా వేడెక్కదు, చక్రాల బేరింగులు, షాక్‌లు అయితే ఎంతసేపు ఉంచినా చల్లగానే ఉంటాయి.

అద్దం మాట వేరు. మంచు పట్టిన అద్దంతో నడపకూడదు, వెనక సీట్లో పిల్లలుంటే నిలబెట్టే ఇంకో నాలుగు నిమిషాలు ఇంజన్ తిప్పినా తప్పులేదు. డీఫ్రాస్ట్‌తోపాటు ఏసీ వేయండి, తేమ లాగుతుంది. లోపలి గాలినే తిప్పే మీట తీసేయండి. ఈలోగా స్క్రేపర్‌తో గీకండి. వేడినీళ్లు పోస్తే అద్దం పగులుతుంది.

మైనస్ 25 సెల్సియస్ కంటే కిందికి దిగితే లెక్క మారుతుంది. అప్పటికీ ఐడ్లింగ్ (నిలబెట్టి ఇంజన్ తిప్పడం) మందు కాదు, బ్లాక్ హీటర్ (కరెంటుతో ఇంజన్‌ని వేడిచేసే పరికరం) పెట్టించుకోవాలి. చాలా కార్లకి సుమారు 400 వాట్లది సరిపోతుంది. రాత్రంతా అక్కర్లేదు, టైమర్ పెట్టి బయల్దేరే ముందు రెండు మూడు గంటలు చాలు. కంపెనీ ఒప్పుకుంటే 5డబ్ల్యూ బదులు 0డబ్ల్యూ ఆయిల్ (ఆ అంకె ఎంత తక్కువైతే చలిలో అంత పలచన) పోయించండి, గడ్డచలిలో త్వరగా పారుతుంది. బ్యాటరీ నాలుగేళ్లు దాటితే శీతాకాలానికి ముందే పరీక్ష చేయించాలి.

రిమోట్ స్టార్ట్ ఉన్నవాళ్లకి ఒక్క మాట: ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో, తలుపు తెరిచి ఉన్నా సరే, బండి ఆన్‌లో వదలకండి. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, అది గోడ సందుల్లోంచి పడకగదిలోకి చేరుతుంది. బయట పెట్టినా మంచు తుఫాను తర్వాత ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న మంచుని పారతో తీసి, ఆ తర్వాతే బటన్ నొక్కండి.