మల్టీమీటరు అనే అపచారం

పాత కారు యజమానుల్లో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన ధోరణి ప్రబలుతోంది. బండి మొరాయిస్తే కొందరు బానెట్ ఎత్తి, వోల్టులు, ఆంపియర్లు కొలిచే, అరచేతిలో ఇమిడే మల్టీమీటరు ఒకటి తీసి, ‘తంటా ఎక్కడుందో ముందు కొలుద్దాం’ అంటున్నారు. ఒక్క భాగం కూడా మార్చకుండానే! ఇది ఇలాగే సాగితే ‘ముందు మార్చు, తర్వాత చూద్దాం’ అనే మన ప్రాచీన విద్య గతేం కాను?

ఆ విద్య గొప్పతనం తెలియాలంటే సెల్ఫ్, అంటే ఇంజన్‌ను తిప్పి లేపే మోటారు, కథ చాలు. పొద్దున్నే తాళం తిప్పితే ‘టక్’ మని ఊరుకుంటుంది. బ్యాటరీ వీకంటారు, కొత్తది వేస్తారు. బండి కొన్నాళ్లు హాయిగా తిరుగుతుంది. మళ్లీ టక్. అయితే సెల్ఫ్ మోటారే పోయిందంటారు, అదీ మారుస్తారు. మళ్లీ కొన్నాళ్లు హాయి, మళ్లీ టక్. ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇవ్వట్లేదేమో అంటారు. ఆ ‘ఏమో’ మీద ఒక ఆల్టర్నేటర్ మారిపోతుంది. ఏది మార్చాలన్నా ముందు బ్యాటరీ టెర్మినల్ విప్పాలి, తర్వాత బిగించాలి. ఆ విప్పడంలో, బిగించడంలో పక్కనున్న వైర్లు కాస్త కదిలి, లూజ్ కాంటాక్ట్ తాత్కాలికంగా సర్దుకుంటుంది. బండి బాగుపడేది దాని వల్ల. పేరు కొత్త భాగానికి, బిల్లు యజమానికి.

మీటరువాళ్లు ఈ ఇతిహాసాన్నంతా అయిదు నిమిషాల్లో ముగించేస్తారు. మీటరు ఒక మొన బ్యాటరీ నెగిటివ్ మీద, రెండోది ఇంజన్ మీద పెట్టి, ఎవరినో సెల్ఫ్ కొట్టమంటారు. అర వోల్టు లోపు చూపిస్తే ఆ దారి శుభ్రం. 3 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నెగిటివ్‌ను ఇంజన్‌కు, బాడీకి కలిపే ఎర్త్ వైరు దొరికిపోయినట్టే. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతున్నప్పుడు వైరు చివర పట్టిన తుప్పు 0.02 ఓమ్ అడ్డుపడినా సరే, 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గియోర్గ్ ఓమ్ ఈ లెక్కను 1827లోనే అచ్చువేశాడు. అప్పట్నుంచీ మనం దాన్ని దిగ్విజయంగా పట్టించుకోకుండా నెట్టుకొస్తున్నాం. బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగిస్తే పని అయిపోతుందట. అలాంటి పనికి ఏం మర్యాద ఉంటుంది చెప్పండి? నలుగురిలో ‘ఇంజన్ పని చేయించాను’ అని చెప్పుకోవచ్చు గానీ, ‘బోల్టు రుద్దాను’ అని ఎలా చెప్పుకోవడం?

ఈ దురాచారానికి మూలపుటమ్మ, జర్మనీలో తొలినాళ్ల కారు తయారుచేసిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో ఆవిడ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, ఆయన చేసిన బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం ప్రయాణించింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. వైరు ఒరుసుకుని ఇన్సులేషన్ పోతే తన మేజోళ్ల పట్టీ చుట్టింది. అంటే కారులో మొట్టమొదటి దూర ప్రయాణంలోనే ఒక మెకానికల్ తంటా, ఒక ఎలక్ట్రికల్ తంటా. రెంటికీ కారణం కనిపెట్టి, ఏ భాగమూ మార్చకుండా ముందుకు సాగింది. ఎంత చెడ్డ ఆనవాయితీ! మన పద్ధతిలో అయితే ఆవిడ ట్యాంకు, కార్బురేటర్, ఇగ్నిషన్ కాయిల్ మార్పించుకుని, తిరుగు ప్రయాణం రైల్లో చేసేది.

అదృష్టవశాత్తూ ఆధునిక విజ్ఞానం మన పక్షాన నిలిచింది. దాని పేరు స్కానర్, బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న తప్పులను చదివే పరికరం. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం వెలిగితే స్కానర్ ఒక కోడ్ ఇస్తుంది. పీ0171 అనుకోండి. ఇంజన్‌లో పెట్రోలుకు తగినదాని కంటే గాలి ఎక్కువ ఉందని దాని అర్థం. ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పింది పొగగొట్టంలో ఆక్సిజన్‌ను పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్. కాబట్టి వెంటనే ఆక్సిజన్ సెన్సర్‌నే పీకేస్తారు. అసలు దోషి, ఇంజన్ గాలి దారికి తగిలించిన చిట్లిన వ్యాక్యూమ్ గొట్టం, పక్కనే గాలి పీల్చుకుంటూ నిర్దోషిగా బయటపడుతుంది. వేగు చెడువార్త తెస్తే అతని తలే తీయించడం రాజులనాటి న్యాయం. దాన్ని ఇంత నిష్ఠగా పాటిస్తున్న రంగం మరొకటి నాకు తెలియదు.

మెకానిక్ ముందు బండి బుద్ధిగా ఉంటుందని చాలామంది ఫిర్యాదు. దానికీ శాస్త్రీయ కారణం ఉంది. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) లోపలి టంకం చిట్లితే అది వేడెక్కినప్పుడు విడిపోవచ్చు, చల్లారాక అతుక్కోవచ్చు. నడిరోడ్డు మీద ఆగిపోయిన బండి, మెకానిక్ వచ్చేలోగా చల్లబడి, అమాయకంగా స్టార్ట్ అవుతుంది. అప్పుడు మెకానిక్ యజమాని వైపు ఒక చూపు చూస్తాడు. ఆ చూపుకు ఏ మీటరులోనూ రీడింగ్ లేదు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే బండ్లకైతే మీటరువాళ్లు 50 మిల్లీఆంపియర్లని ఒక హద్దు గీశారు. తాళాలు వేసి, కాసేపు ఆగి, బండి నిద్రపోయాక కొలిస్తే అంతకు మించి లాగకూడదట. లాగితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసుకుంటూ పోతారు. ఏది తీస్తే రీడింగ్ పడిపోతుందో ఆ లైన్లోనే దొంగ. తీరా చూస్తే డిక్కీ మూసినా ఆరని బుడ్డ బల్బు! అది 5 వాట్లదే అయినా 45 ఆంపియర్-అవర్ల మంచి బ్యాటరీని అయిదు రోజుల్లోపే తాగేస్తుంది. కాస్త అరిగినదైతే ఇంకా త్వరగా. డిక్కీలో ఫోన్ పెట్టి వీడియో తీస్తే బల్బు ఆరుతోందో లేదో తెలిసిపోతుంది. ఇంత చవక పరిశోధనను ఏ వృత్తి గౌరవిస్తుంది?

చివరికి యజమాని విసిగి బండి అమ్మకానికి పెడతాడు. మన విద్య పండేది ఇక్కడే. ‘బ్యాటరీ కొత్తది, సెల్ఫ్ మోటార్ కొత్తది, ఆల్టర్నేటర్ కొత్తది, సెన్సర్లన్నీ కొత్తవి’ అని ప్రకటన రాస్తాడు. ఒక్క అబద్ధం ఉండదు. కొనేవాడు బిల్లులన్నీ చూసి మురిసిపోతాడు. ఒరిజినల్ పార్టులేమైనా మిగిలాయా అని అడిగితే, మిగిలింది. ఎర్త్ వైరు.