బంతి చేతికిస్తేనే కదా ఆల్‌రౌండర్

ఇటు బ్యాట్‌తో, అటు బంతితో ఆడే ఆల్‌రౌండర్లలో వెస్టిండీస్ సోబర్స్ గొప్పా, దక్షిణాఫ్రికా కలిస్ గొప్పా అన్న వాదన మొదలైతే చాలు, ఎవరో ఒకరు అంకెలు బయటికి తీస్తారు. తీయాల్సిందే, మేమూ తీస్తున్నాం. జాక్ కలిస్ 166 టెస్టుల్లో 13,289 పరుగులు చేసి 292 వికెట్లు తీశాడు. గ్యారీ సోబర్స్ 93 టెస్టుల్లో 8,032 పరుగులు, 235 వికెట్లు. బ్యాటింగ్ సగటు ఇద్దరిదీ 55 పైనే, బౌలింగ్ సగటు కలిస్‌దే కాస్త మెరుగు. ఇంతవరకే చూస్తే కలిస్‌కు ఓటేయాలనిపిస్తుంది. మేం మాత్రం వేయం.

ఎందుకంటే ఈ పట్టికలో పెద్దగా ఎవరూ చూడని గడి ఒకటుంది. ఎన్ని బంతులు వేశాడు? కలిస్ 166 టెస్టుల్లో 20,232 బంతులు వేస్తే, సోబర్స్ 93 టెస్టుల్లోనే 21,599 వేశాడు. అంటే టెస్టుకు కలిస్ ఇరవై ఓవర్లు, సోబర్స్ దాదాపు నలభై. కొత్త బంతితో పేస్, అది పాతబడ్డాక ఎడమచేతి స్పిన్, కావాలంటే మణికట్టు స్పిన్, ఇంత చాకిరీ చేసి మళ్లీ ప్యాడ్లు కట్టుకుని వెళ్లి 57.78 సగటు నిలబెట్టుకున్నాడు. కలిస్‌ను తక్కువ చేయడం లేదు, స్లిప్‌లో ఆయన చేతులే ఒక ఆస్తి. కానీ దక్షిణాఫ్రికాకు డొనాల్డ్, పొలాక్, ఆ తర్వాత స్టెయిన్ ఉన్నారు కాబట్టి ఆయన బౌలింగ్ జట్టుకు అదనపు లాభం అయింది, అంతే.

ఆ వెసులుబాటు మనవాళ్లకు ఎప్పుడూ లేదు. 1952లో లార్డ్స్‌లో వినూ మన్కడ్ 72, 184 పరుగులు చేశాడు, ఆ మధ్యలో ఒక్క ఇన్నింగ్స్‌లోనే 73 ఓవర్లు వేసి ఐదు వికెట్లు తీశాడు. అయినా మ్యాచ్ ఓడిపోయాం! ఆయన ఒక్కడూ ఇంకేం చేయాలి?

కపిల్ దేవ్ సంగతీ అంతే. 131 టెస్టుల్లో 27,740 బంతులు వేశాడు, వాటిలో దాదాపు సగం ఫాస్ట్ బౌలర్‌కు ఏమాత్రం సాయం చేయని మన పిచ్‌ల మీదే. 1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ టెస్టు గుర్తు చేసుకోండి. ఆస్ట్రేలియా లక్ష్యం 143. మన హైదరాబాద్ శివలాల్ యాదవ్ కాలి వేలు విరిగి బౌలింగ్‌కు దిగలేని స్థితి. తొడ కండరం పట్టేసి కపిల్ కూడా నాలుగో రోజు సాయంత్రం బంతి పట్టుకోలేదు. చివరి రోజు పొద్దున ఇంజెక్షన్ చేయించుకుని వచ్చి 28 పరుగులకే ఐదు వికెట్లు తీశాడు, ఆస్ట్రేలియా 83కే ఆలౌట్. 1983 ప్రపంచకప్‌లో జింబాబ్వేపై టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో 9కి 4 వికెట్లు పడ్డప్పుడు దిగి ఆడిన ఆ 175 గురించి పిల్లలకు కూడా తెలుసు, అంత ఆట ఆడినవాడు అదే రోజు 11 ఓవర్లు బౌలింగ్ చేశాడన్నది మాత్రం ఎవరూ చెప్పుకోరు.

అయినా నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాం, ఇమ్రాన్ ఖాన్ కపిల్ కంటే ఒక మెట్టు పైనే. మనసు ఒప్పుకోవడం కష్టమే. ఆల్‌రౌండర్‌కు అసలైన పరీక్ష ఒకటుంది: ఒక చెయ్యి కట్టేసినా జట్టులో ఉంటాడా? కాలి ఎముక దెబ్బతిని 1983 ప్రపంచకప్‌లో ఒక్క బంతి కూడా వేయలేని ఇమ్రాన్, బ్యాటర్‌గా ఆడి శ్రీలంకపై సెంచరీ కొట్టాడు. ఇక బంతి పడితే 22.81 సగటుతో 362 వికెట్లు. మా వరుస అడిగితే సోబర్స్, ఇమ్రాన్, కపిల్. ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ బోథమ్ అభిమానులు కోప్పడతారని తెలుసు, 1981 హెడింగ్లీ టెస్టులో ఆయన ఆడిన ఇన్నింగ్స్‌ను మేమూ మర్చిపోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మనం తర్వాతి కపిల్ కావాలంటూనే అతని చేతికి బంతి ఇవ్వడం లేదు. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో 99 దగ్గర అవతలి ఎండ్‌లో నిలబడి ఉంటే, చివరి బ్యాటర్ సిరాజ్ కమిన్స్ మూడు బంతులను కాచుకున్నాడు. ఆ మూడు బంతుల టెన్షన్, తర్వాత బోలాండ్‌ను బౌండరీ కొట్టిన క్షణం, స్టాండ్స్‌లో వాళ్ల నాన్న కన్నీళ్లు, తెలుగు ఇళ్లలో ఎవరికి గుర్తులేదు? కానీ ఆ సిరీస్‌లో అతనితో టెస్టుకు పట్టుమని పది ఓవర్లు కూడా వేయించలేదు.

మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడి బదులు ఇంకొకరిని దింపుకునే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన, ఐపీఎల్‌లో 2023 నుంచి ఉన్నది, దీనికి తోడైంది. ఒక బౌలర్ స్థానంలో నేరుగా బ్యాటర్‌నే దింపే వీలుంటే, నాలుగు ఓవర్లు వేసి ముప్పై కొట్టేవాడితో ఏం పని? శివమ్ దూబే, వాషింగ్టన్ సుందర్ లాంటివాళ్లకు బౌలింగ్ దొరకడం లేదని రోహిత్ శర్మే 2024లో బాహాటంగా అన్నాడు. దేశవాళీ టీ20 టోర్నీ ముస్తాక్ అలీలో ఆ నిబంధనను ఎత్తేసిన బోర్డు, ఐపీఎల్‌లో ఎందుకు ఉంచుతోంది? 2025 నవంబర్‌లో నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ ఫైనల్లో దీప్తి శర్మ 58 పరుగులు చేసి ఐదు వికెట్లు తీసిందంటే, ఆమెకు బ్యాటూ దొరికింది, బంతీ దొరికింది.

బోర్డు ముందు ఆ నిబంధనను తీసేయాలి. సెలెక్టర్లు, కోచ్‌లు నితీశ్‌ను ఆడించిన ప్రతి టెస్టులో కనీసం ఇరవై ఓవర్లు వేయనివ్వాలి. పరుగులిస్తే ఇవ్వనివ్వండి, అతనికింకా వయసుంది.