ఇంకో టేకు, హెండ్రిక్స్ గారూ!

అమెరికన్ రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1970 సెప్టెంబర్ 18న లండన్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 27. ఈ కబురు రికార్డు కంపెనీలకు ఇంకా అందినట్టు లేదు. అంది ఉంటే, యాభై ఏళ్ళు దాటాక కూడా ఆయన పేరు మీద కొత్త రికార్డుల పెట్టెలు రావు, ఆ పెట్టెల మీద "ఇంతవరకూ విడుదల కానివి" అన్న స్టిక్కర్ ఉండదు. ఆ స్టిక్కర్ కనపడితే చాలు, నాకు బీపీ లేస్తుంది. ఇంతవరకూ ఎందుకు విడుదల కాలేదో కూడా కింద చిన్న అక్షరాల్లో రాయొచ్చు కదా? వాయించినవాడికి నచ్చక పక్కన పెట్టాడు. అంతకు మించిన రహస్యం చాలావాటిలో ఏమీ లేదు.

అయినా ఉద్యోగిగా ఆయన్ని మెచ్చుకోక తప్పదు. బతికుండగా ఇచ్చినవి మూడే స్టూడియో ఆల్బమ్‌లు. 1967లో రెండు, 1968లో ఒకటి. 1970లో ఒక లైవ్ రికార్డు. పోయాక పని పుంజుకుంది. స్టూడియో ఆల్బమ్‌లే పది దాటాయి. లైవ్‌లు, బాక్స్ సెట్‌లు లెక్కపెట్టే ఓపిక వీరాభిమానులకే లేదు. సెలవు అడగడు, రాయల్టీ చాలలేదని లాయర్‌ని పంపడు, "ఈ టేకు బాగా రాలేదు, మళ్ళీ చేద్దాం" అని పేచీ పెట్టడు. బతికుండగా కంపెనీలకు ఆయనతో వచ్చిన అసలు చిక్కల్లా ఆ పేచీతోనే.

స్టూడియోలో ఉన్నంతసేపూ ఆయనకి టేపు తిరుగుతూనే ఉండాలి. ఒక్కో పాటకి పదుల టేకులు. రాత్రి క్లబ్బులో కలిసినవాళ్ళను వెంటేసుకొచ్చి తెల్లవార్లూ జామ్ చేసేవాడు, అంటే ముందేమీ అనుకోకుండా తోచింది కలిసి వాయించేవాడు. స్టూడియో అద్దెలు తడిసి మోపెడవుతుంటే చివరికి న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ఎలక్ట్రిక్ లేడీ పేరుతో సొంత స్టూడియోనే కట్టించుకున్నాడు. 1970 ఆగస్టు 26న దాని ప్రారంభోత్సవం. నెల తిరక్కుండానే మనిషి లేడు. వీలునామా లేదు. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు వీలునామా ఎందుకు రాస్తాడు? మిగిలింది గుట్టల కొద్దీ టేపు. పల్లవి ఉండి చరణం లేనివి, బాణీ ఉండి మాటలు లేనివి, శ్రుతి చూసుకుంటూ గొణుక్కున్నవి.

మొదట 1971లో 'ది క్రై ఆఫ్ లవ్' వచ్చింది. డ్రమ్మర్ మిచ్ మిచెల్, ఇంజనీర్ ఎడ్డీ క్రేమర్ కూర్చుని, దాదాపు పూర్తయిన పాటలను ఏరి చేసిన ఆల్బమ్ అది. దాన్ని నేనేమీ అనను. పక్కన ఉండి పనిచేసినవాళ్ళు, ఆయన మనసు కొంతైనా ఎరిగినవాళ్ళు.

అసలు కథ ఆ తర్వాతిది. మేనేజర్ మైక్ జెఫరీ 1973లో విమాన ప్రమాదంలో పోయాడు. టేపుల పెత్తనం అలన్ డగ్లస్ అనే ప్రొడ్యూసర్ చేతికొచ్చింది. ఆయన విన్నాడు. గిటార్ ఫరవాలేదు, గొంతు ఫరవాలేదు, వెనకాల డ్రమ్స్, బేస్ గిటార్ మాత్రం ఆయన స్థాయికి లేవట. వాటిని చాలావరకు తీసేసి, గంటల లెక్కన వాయించే న్యూయార్క్ స్టూడియో కళాకారులను పిలిపించి, చనిపోయినవాడి చుట్టూ కొత్త బ్యాండ్ కట్టాడు. 1975లో వచ్చిన 'క్రాష్ ల్యాండింగ్' ఆ వైభవమే.

ఆ రికార్డింగ్ రోజు ఎలా సాగి ఉంటుందో ఊహించుకోవడం నాకు చాలాకాలంగా ఇష్టమైన కాలక్షేపం. పొద్దున పదింటికి డ్రమ్మర్ వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు. లోపల హెండ్రిక్స్ అప్పటికే మొదలెట్టేశాడు. ఆయన వేగం మనసును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఎదురుగా మనిషి ఉంటే తలెత్తి చూసి, కనుసైగ అందుకుని, ఆ మలుపు ఇద్దరూ కలిసి తిరుగుతారు. ఇక్కడ డ్రమ్మర్ తలెత్తితే అద్దం అవతల ప్రొడ్యూసర్ శాండ్‌విచ్ తింటూ కనిపిస్తాడు.

"సార్, ఈయన ఇక్కడ స్పీడ్ పెంచుతున్నాడండీ."

"నువ్వూ పెంచు."

"ఎక్కడ పెంచుతాడో ముందే తెలియాలి కదండీ."

"మళ్ళీ విను. ఎన్నిసార్లు వేసినా అక్కడే పెంచుతాడు. ఇంత క్రమశిక్షణ ఉన్న ఆర్టిస్టు నీకెక్కడా దొరకడు."

తర్వాత గిటారిస్టు వస్తాడు. అవును, గిటారిస్టే. హెండ్రిక్స్ ఆల్బమ్‌లో గిటార్ తక్కువైందని ఇంకో గిటారిస్టును పెట్టారు. నేను వేళాకోళానికి కల్పించిన మాట కాదిది, నిజంగానే పెట్టారు. పాపం ఆ మనిషిని తలుచుకోండి. సాయంత్రం ఇంటికెళ్తే కూతురు అడుగుతుంది: "నాన్నా, ఇవాళ ఏం చేశావు?" "హెండ్రిక్స్‌కి గిటార్ సరిగా కుదరకపోతే కాస్త చెయ్యేసి వచ్చానమ్మా."

ఒంటిగంటకు భోజనాలు. "మరి ఆయనకి బ్రేక్ ఇవ్వరా?" అని బేస్ ప్లేయర్ అడుగుతాడు. "అయిదేళ్ళ నుంచీ బ్రేక్‌లోనే ఉన్నాడయ్యా." మధ్యాహ్నం కోరస్ పాడే ఆడవాళ్ళు దిగుతారు. (వాళ్ళూ నిజమే.) "ఈ చరణం భావం కొంచెం చెబితే బాగా పాడతాం" అంటారు. ప్రొడ్యూసర్ గడియారం చూసుకుంటాడు. భావం చెప్పాల్సిన ఆయన టేపులో ఒక పక్క పాడుతూనే ఉన్నాడు, ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పడు. ఆరింటికి అంతా పూర్తవుతుంది. ఇక పాట రాసిందెవరని అచ్చువేయాలి? ఇన్ని ఇబ్బందులు పడి ఇంత సర్దినవాడికి ఆ మాత్రం ఉండాలి కదా. డగ్లస్ గారు ఐదు పాటలకు హెండ్రిక్స్ పక్కన సహ రచయితగా తన పేరు వేసుకున్నారు. ఇదీ కల్పన కాదు. ఆ ఆల్బమ్ అమెరికా చార్టులో 5వ స్థానం దాకా ఎక్కింది.

నవ్వుకున్నాం, బాగానే ఉంది. తీసేసిన ఆ బేస్ ఎవరిది? చాలావరకు బిల్లీ కాక్స్‌ది. ఇద్దరూ కుర్ర సిపాయిలుగా కెంటకీలో ఫోర్ట్ క్యాంప్‌బెల్ శిబిరంలో ఉన్నప్పుడు, లోపలెవరో గిటార్ వాయిస్తుంటే బయట నిలబడి విని, వెళ్ళి పరిచయం చేసుకున్నవాడు. తర్వాత పేరొచ్చి, డబ్బొచ్చి, చుట్టూ జలగలు చేరిన రోజుల్లో హెండ్రిక్స్ కబురుపెట్టి పిలిపించుకున్నది ఆ పాత స్నేహితుణ్ణే. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించినదాంట్లోంచి ఒకణ్ణి లేపేసి, ఆ కుర్చీలో కూలికొచ్చిన ఇంకొకణ్ణి కూర్చోబెట్టడానికి వీడెవడు? చనిపోయినవాణ్ణి అడగలేవు. అడగలేనప్పుడు ముట్టుకోకూడదు. చెప్పుల స్టాండ్ దగ్గర పక్కవాడి చెప్పులు అడక్కుండా తొడుక్కోకూడదని తెలిసినవాడికి ఇది తెలియదా? తెలుసు. అమ్ముడుపోతుందని కూడా తెలుసు.

పైగా దీనికి రెండో భాగం ఉంది. 'క్రాష్ ల్యాండింగ్' టైటిల్ పాటనే 2013లో 'పీపుల్, హెల్ అండ్ ఏంజెల్స్'లో కాక్స్ బేస్‌తో, అసలు రూపంలో విడుదల చేశారు. ముందు కల్తీది అమ్మారు, 38 ఏళ్ళాగి అసలుది అమ్మారు. కొన్నవాడు రెండూ కొన్నాడు. ఇక 2010 నాటి 'వ్యాలీస్ ఆఫ్ నెప్ట్యూన్'లో కొన్ని పాటలకు గిటార్ అరవైల నాటిది. బేస్, డ్రమ్స్ ఆయన మొదటి బ్యాండ్ వాళ్ళు నోయెల్ రెడింగ్, మిచ్ మిచెల్ 1987లో మళ్ళీ వాయించినవి. రెడింగ్ 2003లో, మిచెల్ 2008లో పోయారు. అంటే ఆల్బమ్ అంగట్లోకి వచ్చేసరికి ముగ్గురిలో ఒక్కరూ లేరు. పాపం ముగ్గురూ ప్రమోషన్ ఇంటర్వ్యూలకు రాలేకపోయారు.

అలాగని పాపమంతా ఒక్కడి నెత్తిన రుద్దడమూ న్యాయం కాదు. హెండ్రిక్స్ బతికుండగానే వరుస మొదలైంది. 1965లో ఎడ్ చాల్పిన్ అనే ఆయన ఒక్క డాలర్ చేతిలో పెట్టి మూడేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకున్నాడు. ఊరూపేరూ లేని రోజుల్లో కర్టిస్ నైట్ అనే గాయకుడి వెనక వాయించిన పాటలు, ఆ కాగితం ముక్క పుణ్యమా అని, దశాబ్దాల తరబడి అట్ట మార్చుకుని, పేరు మార్చుకుని వస్తూనే ఉన్నాయి. డెబ్బైల్లో కొందరు ఇంకాస్త ముందుకెళ్ళారు. హెండ్రిక్స్ బొమ్మ వేసిన రికార్డుల్లో హెండ్రిక్స్ అనేవాడే లేని పాటలు పెట్టి అమ్మారు. ఒక రకంగా వాళ్ళే నయం, చచ్చినవాడి జోలికి పోలేదు.

తోటపని చేసి బతికిన తండ్రి అల్ హెండ్రిక్స్, మైక్రోసాఫ్ట్ పాల్ అలెన్ డబ్బు సాయంతో కోర్టుకెక్కి 1995లో హక్కులు వెనక్కి తెచ్చుకున్నాడు. క్రేమర్ తిరిగొచ్చాడు, అద్దె బ్యాండ్లు పోయాయి. సంతోషించాం. కానీ కుటుంబం చేతికొచ్చాక పెట్టెలు తగ్గాయా? తండ్రి 2002లో పోయాడు. వీలునామాలో జిమీ సొంత తమ్ముడు లియాన్‌కి వాటా లేదు. అతను కోర్టుకెళ్ళి 2004లో ఓడిపోయాడు. మొదటి రికార్డు నుంచీ బేస్ వాయించిన రెడింగ్, డెబ్బైల్లోనే లక్ష డాలర్లు పుచ్చుకుని హక్కులు వదులుకున్నాడు. మనవైపు ఏడాదికోసారి తద్దినం పెట్టి పోయినవాళ్ళకు పిండం పెడతాం. అక్కడ పోయినవాడే ఏటా ఇంటిల్లిపాదికీ విస్తరి వేస్తున్నాడు. పిలుపు అందనిది మాత్రం పక్కన కూర్చుని వాయించినవాళ్ళకి.

నాకు మింగుడుపడని సంగతి ఇంకొకటి. చనిపోయాక వచ్చినవాటిలో నేను మళ్ళీ మళ్ళీ వినేది 1994 నాటి 'బ్లూస్'. ఆయన్ని రాక్ గిటారిస్టు అని అందరూ అంటారు గానీ మనిషి వేళ్ళన్నీ నల్లజాతి అమెరికన్ల పాత సంగీతమైన బ్లూస్‌లోనే ఉన్నాయని ఆ ఒక్క డిస్కు వింటే తెలిసిపోతుంది. దాన్ని తెచ్చిందెవరు? ఆ డగ్లసే. మరుసటేడు మళ్ళీ 'వూడూ సూప్' అని తెచ్చి కొన్ని పాటలకు కొత్త డ్రమ్మర్‌ని తగిలించి నా మనసు తేలికపరిచాడు, ధన్యవాదాలు.

'బ్లూస్' మొదట్లో, చివర్లో 'హియర్ మై ట్రెయిన్ ఎ కమిన్' పాటే ఉంటుంది. మొదటిది 1967 డిసెంబర్‌లో కెమెరా ముందు పన్నెండు తీగల గిటార్‌తో వాయించినది. ఆ ఫిల్ములో ఆయన తెల్లటి తెర ముందు కూర్చుని మొదలుపెట్టి, కాస్త వాయించి, ఆగిపోతాడు. ఫిల్ము వృథా చేయొద్దు, ఆపండి అంటాడు. భయమేసిందని సిగ్గుపడుతూ నవ్వుతాడు. ఇంకోసారి చేయనా అని అడుగుతాడు. అంత వాయించగలిగినవాడు, రెండు నిమిషాల ఫిల్ము గురించి మొహమాటపడుతూ అడిగాడు. అదే పాటను స్టూడియోలో ఎన్నోసార్లు ప్రయత్నించి, తృప్తిగా కుదరక, ఒక్కదాన్నీ బయటికి వదల్లేదు. ఆయన వదలనివన్నీ మనం కొనుక్కుని వింటున్నాం, ఏ టేకు గొప్పదో వాదించుకుంటున్నాం. ఇంకోసారి చేయనా అని అడిగే అవకాశం ఆయనకి ఎవరిచ్చారు?

ఈ లెక్కన పాతకాలపు బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ అదృష్టవంతుడు. అతనూ 27కే పోయాడు, 1938లో. 1936, 37ల్లో టెక్సస్‌లో పాడిన 29 పాటలు, వాటిలో కొన్నింటికి రెండో టేకులు. అంతే. అప్పటికి స్టూడియోల్లో టేపు లేదు కాబట్టి గొణుక్కున్నది గాలిలో కలిసిపోయింది. ఇప్పుడు టేపు కూడా అక్కర్లేదు, గొంతు నమూనా చాలు. మన బాలు గారి గొంతును ఒక తెలుగు సినిమాలో ఏఐతో పుట్టించారని, తమను అడగలేదని 2024లో ఆయన కొడుకు లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది.

కాబట్టి గిటార్ పట్టిన కుర్రాళ్ళకు నాదొక ఆచరణాత్మక సలహా. టేపు మీది శబ్దాన్ని చెరపడానికి అయస్కాంతం చాలు. మీ ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లో ఎలాగూ అయస్కాంతాలుంటాయి గానీ అవి చాలవు, ఇంకాస్త పెద్దది కొని బీరువాలో పెట్టుకోండి. వీలునామాలో ఇల్లు, కారు ఎవరికైనా రాయండి. అయస్కాంతం మాత్రం మీ బేస్ ప్లేయర్ పేరున రాయండి. పాటలన్నీ క్లౌడ్‌లో దాచుకున్నవాళ్ళు ఇప్పుడే సహ రచయితను వెతుక్కోవచ్చు.